కిటికీ వైపు ఎలుకలు

ఎలుకకి మొక్కాలో, బోను పెట్టాలో నాకు ఏళ్ళ తరబడి తేలలేదు. వినాయక చవితి నాడు మా ఆవిడ భ్రమరాంబ స్వామి పాదాల దగ్గరున్న మట్టి ఎలుకకి కూడా శ్రద్ధగా బొట్టు పెడుతుంది. మర్నాడు బియ్యం డబ్బా వెనక అలికిడైతే అదే చేత్తో బోనులో బజ్జీ ముక్క గుచ్చుతుంది. ఇదేం న్యాయమని అడిగితే, "ఆ ఎలక వేరు, ఈ ఎలక వేరు" అంటుంది. ఎలా వేరో ఎప్పుడూ చెప్పలేదు. గుళ్ళో పంతులుగారిని అడిగితే ఆయన నవ్వి చేతిలో తీర్థం పోశారు.

ఈ సందేహం ఏదో ఒకరోజు నా వృత్తిలోకే నడిచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

పూర్ణా మార్కెట్లో ఒక బెల్లం కొట్టు పైన నా ఆఫీసు. కానిస్టేబుల్ ఉద్యోగం వదిలాక పెట్టుకున్న డిటెక్టివ్ ఆఫీసు. ఆ రోజు శ్రావణ శుక్రవారం. అప్పన్న స్వామి పటానికి దీపం పెట్టి ఇటు తిరిగేసరికి గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు. నిద్ర లేని కళ్ళు. మాసిన యూనిఫాం. పోర్టులో క్రేన్ నడుపుతాడట. పేరు శివరామకృష్ణ, సొంతూరు తణుకు దగ్గర. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మాయి హరిచందన అండి. తొమ్మిదేళ్ళు. లుకేమియా. రక్తంలో వచ్చే క్యాన్సరండి అది. ఉన్న మందులన్నీ వాడేశారు. ఇక ఏదీ పట్టట్లేదు."

"మరి నాను డాక్టర్ని కాదు కదా బాబూ."

"తెలుసండి. మధురవాడలో ఒక పరిశోధన సంస్థవాళ్ళు కొత్త మందు తయారు చేశారండి. ఎలుకల మీద బాగా పనిచేసిందన్నారు. మొదటిసారి మనుషులకిచ్చేవాళ్ళలో మా పాపని తీసుకున్నారు. ఆస్పత్రిలో సంతకాలు కూడా పెట్టాను. నిన్న పిలిచి ఇవ్వం పొమ్మన్నారండి. ఎలుకలు చచ్చిపోయాయంట, మందు పనిచేయదంట. గేటు దగ్గర ఇంకొకాయనేమో ఎవరో విషం పెట్టారంటున్నాడు." అతను ఒక అడుగు లోపలికి వేశాడు. "తప్పు మందుదా, మనిషిదా? అదొక్కటి చెప్పండి. మందుదే అయితే పాపని ఇంటికి తీసుకెళ్ళిపోతాను. ఇక సూదులు పొడిపించను."

"ఎప్పటిలోగా కావాలి?"

"ఈ మధ్యాహ్నమే అండి. కంపెనీ మనిషి వచ్చి ఉన్నాడు. డైరెక్టరుగారు సంతకం పెట్టగానే మందు పెట్టె పట్టుకుని విమానం ఎక్కేస్తాడు. ఆ పెట్టె వెళ్ళిపోతే ఇంక రాదండి."

నేను చెప్పులు వేసుకున్నాను.

*

డైరెక్టర్ గురునాథరావు గది తలుపు తీసేసరికి ముందు నా కాలికి వైరు తగిలింది. కంప్యూటర్ వైరు గోడ నుంచి బల్ల దాకా నేలమీద అడ్డంగా సాగి, పైన టేపు అంటించి ఉంది. బల్ల ఇదివరకు ఉన్న చోట నేల తెల్లగా, చుట్టూ పచ్చగా కనిపిస్తోంది. ఇప్పుడు ఆ బల్ల తూర్పుకి తిరిగి ఉంది.

"బల్ల ఈమధ్యే తిప్పినట్టున్నారు" అన్నాను.

"గాలి కోసం" అన్నాడాయన.

గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఏసీ నడుస్తోంది.

ఆయనకి అరవై దగ్గర పడి ఉంటాయి. నన్ను బయటికి పంపించెయ్యాలనే చూశాడు. పాప తండ్రి నేరుగా విలేకరుల దగ్గరికి వెళ్ళబోతే నేనే ఆపానని చెప్పాక కుర్చీ చూపించాడు. ఎదురుగా ఫైలు, దాని పక్కన మూత తీసిన పెన్ను. సోఫాలో కంపెనీ మనిషి భీమశంకరరావు కూర్చుని ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర తెల్లటి ఐసు పెట్టె. మందు అందులోనే ఉంది.

"నాకు చదువు తక్కువండీ. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి" అన్నాను.

గురునాథరావు విసుగ్గానే మొదలుపెట్టాడు. స్టెరాయిడ్ అంటే మన ఒంట్లోనే తయారయ్యే హార్మోను లాంటిది. లుకేమియాకి అది చాలా పాత మందు. కాకపోతే కొంతమందిలో చెడ్డ కణాలు దానికి లొంగడం మానేస్తాయి. అలాంటి మొండి కణాల్ని కూడా చంపేలా వీళ్ళు కొత్త స్టెరాయిడ్ తయారు చేశారు. ఎలుకలకి ఆ మొండి లుకేమియా ఎక్కిస్తారు. సగం ఎలుకలకి మందు, సగానికి ఉత్త సెలైన్ నీళ్ళు ఇస్తారు.

"మొదటి రెండుసార్లూ మందు గుంపు బతికింది, నీళ్ళ గుంపు చనిపోయింది. మూడోసారి పూర్తిగా తలకిందులైంది. మందు గుంపు మొత్తం పోయింది."

"నీళ్ళ గుంపు?"

"బతికింది."

"రోగం ఎక్కించాక, ఏ మందూ లేకండా బతకడం మామూలేనా అండీ?"

ఆయన పెన్ను వైపు చూశాడు. "మామూలు కాదు. అందుకే ఎవరో చెయ్యి పెట్టారంటున్నాను. ఏదైనా ఈ ఫలితం చేతిలో పెట్టుకుని నేను మనుషులకి మందు ఇవ్వలేను."

ఆ మాట నాకు నచ్చింది. మనిషి దుర్మార్గుడు కాదనిపించింది.

"ఏ ఎలక్కి మందో, ఏ ఎలక్కి నీళ్ళో ఎవరికి తెలుసు?"

"నాకొక్కడికే. డబ్బాల మీద గుర్తు అంకెలు తప్ప ఏమీ ఉండవు. సూది వేసే అమ్మాయికి కూడా తెలియదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది. అందుకని అలా దాచడం మా పద్ధతి."

"మరి మీకొక్కరికే తెలిసినప్పుడు, విషం పెట్టినోడు ఏరి ఏరి మందు ఎలకలకే ఎలా పెట్టాడండీ?"

సోఫాలోని భీమశంకరరావు మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. గురునాథరావు మాత్రం, "అది కనిపెట్టడానికి మేం ఇంకొకర్ని పెట్టుకున్నాం. ఆయన కింద ఉన్నాడు" అన్నాడు.

"ఎలకల గది సూసొచ్చేదాకా ఆ సంతకం ఆపండి."

"అరగంట" అన్నాడు భీమశంకరరావు, డైరెక్టర్ బదులు. "తరవాత నాకు విమానం దొరకదు."

*

ఆ ఇంకొకరు ఎవరో మెట్లు దిగకముందే తెలిసిపోయింది. అత్తరు వాసన ముందే వచ్చింది. ఉదయ్‌కుమార్. ఒకప్పుడు నా స్టేషనులో ఎస్సై. నాకు పైఅధికారి. ఇప్పుడు ఏసీ ఆఫీసు, కింద పనిచేసే మనుషులు, పెద్ద పెద్ద కంపెనీల కేసులు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిచేవాడు. ఇద్దరం బయటికొచ్చి పోటీ పడ్డాక బావా అంటున్నాడు.

"ఏటి బావా, ఎలకల కేసులోకి దిగిపోనావా? పిల్లుల కేసులేటీ తగల్లేదా?"

"పిల్లి ముందే వచ్చి కూకుందని తెలిస్తే రాకపోదును."

అతను నవ్వలేదు. చేత్తో పక్క గది చూపించాడు. స్టూలు మీద ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎలుకల గది తుడిచే అసిరమ్మ.

"కేసు అయిపోయింది. రోజూ లోపలికెళ్ళేది ఇద్దరే. సూదేసే నీలిమా, ఈవిడా. ఈవిడ సంచీలో ఇది దొరికింది." జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో చిన్న పొట్లం, పొట్లంలో పాలిపోయిన రంగు పొడి. "ఎలకల దగ్గర ఇది పూత్తూ ఉండగా నీలిమే సూసింది. పోలీసులకి ఫోను సేసేసినాను. వత్తన్నారు."

"ఏటది?"

"లాబుకి పంపితే తెలుత్తాది. విషం కాకపోతే దాసుకోవడం ఎందుకు?"

"ఒకసారియ్యి."

అతను వద్దనేలోపే కవరు తీసుకుని పొట్లం విప్పాను. వాసన చూడక్కర్లేకపోయింది. రెండు చుక్కలు మంచినీళ్ళు వేసి వేలితో కలిపి నుదుటన పెట్టుకున్నాను. చల్లగా తగిలింది.

"సాక్ష్యం పాడుసేత్తన్నావ్ బావా."

"సింహాద్రప్పన్న గందం ఇది. సందనోత్సవానికి తెచ్చుకున్నదే మా ఇంట్లో దేవుడి గూట్లో కూడా ఉంది. అంత దూరం లాబుకి పంపుతానన్నావు, కొండ మీదికి పంపినా సెప్పీసేవోళ్ళు."

ఉదయ్‌కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. నేను అసిరమ్మ ముందు కింద కూర్చున్నాను.

"అమ్మా, బయిపడకు. దేనికి పూసినావు గందం?"

"తప్పయిపోనాది బాబూ." ఆమె ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "సచ్చిపోయే పేణాలు కదా అని. నీలిమమ్మ ఒద్దంటాది, అందుకే దాసినాను. డబ్బాల్ని ముట్టుకోనేదు. డబ్బాలెట్టే ఆ ఇనప రాకు కాలికి మాత్రం కూసింత రాసినాను. గిరి పెదచ్చినకి ఎల్లిన్నాడు పొద్దున్న రాసేసి, కొండ సుట్టూ నడవడానికి ఎల్లిపోనాను."

"రాకులెన్నున్నాయమ్మా? అన్నిటికీ రాసినావా?"

"నేదు బాబూ. కిటికీ కాడి దానికే. రెండు దపాలూ ఆ కిటికీ కాడియే సచ్చిపోనాయి. ఈపాలైనా సల్లగా ఉండాలని ఆటికే రాసినాను. అయినా ఏటయినాది? మల్లీ కిటికీ కాడియే సచ్చిపోనాయి."

నేను లేచి నిలబడ్డాను. వయసుకి మించిన వేగంతోనే లేచాను.

"మూడుసార్లూ కిటికీ వైపువేనా?"

"మూడుసార్లూనూ."

"అయితే ఏటి?" అన్నాడు ఉదయ్‌కుమార్.

"మొదటి రెండుసార్లూ సచ్చినవి నీళ్ళ ఎలకలు. మూడోసారి సచ్చినవి మందు ఎలకలు అంటన్నారు పైన. ఈవిడేమో మూడుసార్లూ ఒకే చోటివి సచ్చాయంటంది. రెండూ నిజమైతే మధ్యలో ఏదో కదిలింది బావా."

*

నీలిమ మాకు గౌన్లు, టోపీలు, కాళ్ళకి తొడుగులు ఇచ్చింది. పరిశోధన చేస్తున్న అమ్మాయి. అసిరమ్మని పట్టించినందుకు కాబోలు, ముఖం వాడిపోయి ఉంది. గది చిన్నదే. కిటికీ కింద ఒక చక్రాల రాక్, ఇటు తలుపు పక్కన ఇంకొకటి. రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. కిటికీ దాని మీద డబ్బాలన్నీ ఖాళీ. తలుపు దాంట్లో బతికిన ఎలుకలు కదులుతున్నాయి.

నేను ఎలుకల వైపు చూడలేదు. నేలమీద మోకాళ్ళూని కిటికీ వైపు రాక్ కాళ్ళు నాలుగూ చూశాను. శుభ్రంగా ఉన్నాయి. గదికి అడ్డంగా వచ్చి తలుపు వైపు రాక్ కింద టార్చి వేశాను. వెనక కాలి మీద, నేలకి జానెడు ఎత్తున, ఎండి పగిలిన గంధం మూడు వేళ్ళ గుర్తుగా కనిపించింది.

"బావా, కిందికి వంగు."

ఉదయ్‌కుమార్ కోటు సర్దుకుని వంగాడు. చూశాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ముసిల్ది మర్సిపోయుంటాది" అన్నాడు. "ఈ రాకుకే రాసి ఆ రాకుకి రాసినానంటంది. ఒక్క గందం మరకతో డైరెక్టరు సంతకం ఆపుతావా?"

అతనన్నదీ నిజమే. ముసలామె మాట, గదికి ఇటువైపు ఉన్న మరక. ఆ రెండిటినీ చూపించి ఒక పాప ఒంట్లోకి మందు ఎక్కించమని ఎవరినీ అడగలేను. అప్పుడు ఎలుకల వైపు చూశాను.

బుగ్గలు పొంగి ఉన్నాయి. మెడ వెనక చిన్న మూటలా కండ లేచింది. పొట్టలు నేలకి ఆనుతున్నాయి. వీపు మీద బొచ్చు పల్చబడి లోపలి చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. మా అమ్మ ఇలాగే ఉండేది, చివరి రోజుల్లో. కీళ్ళ నొప్పులకి వీధి చివర వైద్యుడు ఏవో తెల్ల మాత్రలు ఇచ్చేవాడు. అవి వేసుకుంటే నొప్పి పోయేది. ముఖం మాత్రం చందమామలా ఉబ్బిపోయింది. ఆ తరవాత షుగరు వచ్చింది. పెద్దాస్పత్రిలో చూపించాక గాని అవి స్టెరాయిడ్ అని మాకు తెలియలేదు.

"నీలిమమ్మా, ఇవి ఉత్త నీళ్ళు తీసుకున్న ఎలకలేనా?"

"లిస్టు ప్రకారం అంతే సార్."

"నీళ్ళు తాగిన ఎలక్కి ఈ బుగ్గలు ఎక్కడివమ్మా?"

ఆ అమ్మాయి డబ్బా మూత మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. "నాకూ ఒకసారి అనిపించింది. కానీ అప్పటికి ఏ గుంపో నాకు తెలియదు కదా సార్. అంచనా వెయ్యకూడదు మేము."

"స్టెరాయిడ్ పడితే షుగరు పెరుగుతుంది కదా? మనిషికైతే పెరుగుతాది, నాకు తెలుసు. ఎలక్కి?"

"ఎలుకకీ పెరుగుతుంది."

నా సంచీలో షుగరు చూసుకునే మిషను ఎప్పుడూ ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునేవాణ్ణి. దాన్ని బల్ల మీద పెట్టాను. ఉదయ్‌కుమార్ మిషను కేసి వంగి చూశాడు.

"ఇది మనుషులది సార్" అంది నీలిమ. వెంటనే, "మేమూ ఇలాంటిదే వాడతాం. చుక్క చాలు" అంటూ గ్లవ్స్ తొడుక్కుంది.

ముందు పక్క గదిలో ఉన్న ఆరోగ్యమైన ఎలుక. ఏ ప్రయోగంలోనూ లేనిది. తోక చివర చిన్న గాటు, పట్టీకి అంటిన రక్తం చుక్క. మిషను మీద నూట ముప్పై చూపించింది. తరవాత తలుపు వైపు రాక్‌లోంచి, 'నీళ్ళ' ఎలుక. మిషను అంకెలు లెక్కపెడుతున్నంతసేపు నేను అప్పన్నని తలుచుకున్నాను. మూడు వందలు దాటింది. ఇంకొక డబ్బా. మళ్ళీ మూడు వందల పైనే. నీలిమ ఆగలేదు. నా దగ్గరున్న పట్టీలన్నీ అయిపోయేదాకా చూసింది. ఒక్కటి కూడా మామూలుగా లేదు.

"వీటికి మందు పడింది సార్" అంది. "ఇన్నాళ్ళూ వీటికే పడింది."

"నువ్వు సూది ఎలా వేత్తావమ్మా? డబ్బా మీద అంకె సూసి వేత్తావా?"

ఆ అమ్మాయి సమాధానం చెప్పడానికి ముందే తెల్లబోయింది.

"సీసాలు రెండు వస్తాయి. ఏ, బీ అని రాసి ఉంటాయి. కిటికీ వైపు రాక్‌కి ఏ, తలుపు వైపు రాక్‌కి బీ. మొదటి ప్రయోగం నుంచీ అంతే. అంకెలు ఊరికే చూస్తే ఏ డబ్బా ఏమవుతోందో గుర్తుండిపోతుందని, నేనే చూడటం మానేశాను. చోటు చూసి ఇచ్చేదాన్ని." గొంతు తగ్గిపోయింది. "గిరి ప్రదక్షిణ మర్నాడు మూడో ప్రయోగానికి మొదటి సూది వేశాను. ముందురోజు నేనూ నడిచాను సార్. ఇక్కడ అందరం నడవడానికే వెళ్ళాం."

"అందరూ వెల్లినాక ఈ రాకులు సోటు మార్సుకున్నాయి" అన్నాను.

"ఎవులు మార్సేరు?" ఉదయ్‌కుమార్ గొంతులో పాత ఎస్సై లేచాడు. "కెమెరాలో అన్నాళ్ళ కిందటిది ఉండదు."

"కెమెరా అక్కర్లేదు. ఆ కిటికీ ఏ మూలకి ఉందో సూడు బావా."

అతను తల తిప్పి ఎండ వైపు చూశాడు. తూర్పు, ఉత్తరం కలిసే మూల. ఈశాన్యం.

*

మేం పైకి వెళ్ళేసరికి గురునాథరావు పెన్ను చేతిలోకి తీసుకుని ఉన్నాడు. భీమశంకరరావు పెట్టె భుజాన వేసుకున్నాడు. శివరామకృష్ణ తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అడగడం లేదు.

"సంతకం తరవాత పెడుదురు గానీ ఒక్క ప్రశ్న" అన్నాను. "ఈ బల్ల తిప్పమన్న సిద్ధాంతిగారు ఎలకల గది గురించి ఏం చెప్పారండీ?"

గురునాథరావు అద్దాలు సర్దుకున్నాడు.

"ఏ సిద్ధాంతి?" అన్నాడాయన.

"మా ఇంట్లోనూ బల్ల తూర్పుకే ఉంటాదండీ. మంచం కూడా తిప్పినాను. తప్పని నాను అనడం లేదు."

నీలిమ ముందుకొచ్చి, చూసినవన్నీ వరసగా చెప్పింది. కిటికీకి ఏ, తలుపుకి బీ, గంధం మరక, షుగరు. ఆ అమ్మాయి తన తప్పుతో సహా ఏదీ దాచలేదు. వింటూ వింటూ గురునాథరావు పెన్ను కింద పెట్టేశాడు. అద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఈశాన్యంలో చావు ఉండకూడదన్నాడు" అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లూ నీళ్ళ గుంపు ఆ మూలే చనిపోయింది. బతికే గుంపుని అక్కడ పెడితే సంస్థ నిలబడుతుందన్నాడు. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు. అప్పులు, కంపెనీ ఒత్తిడి... ఎవరూ లేని రోజు చూసి నేనూ డ్రైవరూ కలిసి రాక్‌లు అటూ ఇటూ నెట్టాం. డబ్బాలు మారలేదు, అంకెలు మారలేదు. చోటే కదా మారింది, దానికేం అనుకున్నాను." నీలిమ వైపు చూశాడు. "నువ్వు చోటు చూసి ఇస్తావని నాకు తెలియదమ్మా. నేను ఆ గదిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో."

"ఎలకలు చచ్చిపోయాక ఈ మాట ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఎవరికి చెప్పను? జీవితమంతా సైన్సు చెప్పినవాణ్ణి. వాస్తు కోసం రాక్‌లు నెట్టానని ఈయన ముందు ఎలా చెప్పను?"

"ఆ సిగ్గుకి అసిరమ్మ స్టేషనుకెళ్ళేదండీ. ఈ నాన్న పాపని ఇంటికి తీసుకుపోయేవాడు."

ఆయన ఫైలు మూసి పక్కకి నెట్టాడు.

భీమశంకరరావు పెట్టె కిందికి దించాడు. "షుగరు మిషను చూసి నేను ఏదీ నిర్ణయించలేను" అన్నాడు. మాట కటువుగా ఉన్నా కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ ఎలుకల రక్తంలో మా మందు ఉందో లేదో మీ పెద్ద మిషను మీద చూడండి. నా ముందే చెయ్యండి. ఉంటే ఆస్పత్రి కమిటీకి నేనే ఫోను చేస్తాను. విమానం పోతే పోనీ."

మధ్యాహ్నం భోజనం ఎవరూ తినలేదు. శివరామకృష్ణ మిషను గది బయట కింద కూర్చున్నాడు. ఉదయ్‌కుమార్ పోలీసులని వెనక్కి పంపించి, అసిరమ్మకి తనే టీ తెచ్చి ఇచ్చాడు. ఎవరివైపూ చూడకుండా ఇచ్చాడు. నీలిమ కాగితం పట్టుకుని బయటికి వచ్చినప్పుడు పరుగెత్తలేదు గాని పరుగెత్తినంత పని చేసింది. తలుపు వైపు రాక్‌లోని ప్రతి ఎలుక రక్తంలోనూ మందు ఉంది. కిటికీ వైపు చచ్చిపోయినవాటి నుంచి తీసి దాచిన రక్తంలో జాడ కూడా లేదు.

"అంటే పనిచేసినట్టేనా అండి?" అన్నాడు శివరామకృష్ణ.

నేను జాగ్రత్తగా చెప్పాను. "మూడుసార్లూ మందు పడ్డ ఎలకలు బతికాయి బాబూ. అంతవరకే నిజం. పాప సంగతి డాక్టర్లూ, ఆ పైవాడూ చూసుకోవాలి. తప్పు మందుది మాత్రం కాదు."

అతను రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల భీమశంకరరావు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. రేపు ఉదయమే మొదటి మోతాదు అన్న మాట మా అందరికీ వినిపించింది.

సరిగ్గా అప్పుడే శివరామకృష్ణ ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి అతని భార్య. వింటూ వింటూ అతను గోడ పట్టుకున్నాడు.

"రక్తం పడిపోయిందంటండి. ఈ రాత్రికి రక్తం ఎక్కించకపోతే రేపు మందు మొదలుపెట్టలేమన్నారంట. ఓ నెగెటివ్ అండి. వాళ్ళ దగ్గర లేదంట. ఊళ్ళో ఇంకో రెండు చోట్ల అడిగారంట, లేదన్నారంట."

నాది ఓ నెగెటివ్. అప్రయత్నంగా చొక్కా చెయ్యి మడిచి, మడిచిన చోటే ఆగాను. ఇన్సులిన్ వేసుకునేవాడి రక్తం తీసుకోరు. ఏడాది కిందట ఇలాగే వెళితే వెనక్కి పంపేశారు.

"నాకు తెలిసినవాళ్ళని అడుగుతాను" అంటూ ఫోను తీశాను. పేర్లు వెతుకుతుంటే నా చేతిలోంచి ఆ ఫోను ఎవరో లాగేసుకున్నారు. ఉదయ్‌కుమార్.

"కారెక్కు" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? పాప కాడికి. ఏయ్ శివరామకిష్ణా, నువ్వు కూడా ఎక్కు. దారి సెప్పు."

దారిలో అతను హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రక్తనిధిలో నర్సు గ్రూపు అడిగితే ఓ నెగెటివ్ అన్నాడు, మిగతా ప్రశ్నలన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పాడు. కోటు విప్పి నా చేతిలో పడేసి మంచం మీద పడుకున్నాడు. ఎడమ చొక్కా చెయ్యి పైకి లాగితే మోచేతి నుంచి భుజం దాకా పాత కుట్లు కనిపించాయి. అనకాపల్లి రోడ్డు మీద జీపు లారీ కిందికి వెళ్ళిన రోజువి. అప్పటికి నేను అతని కింద కానిస్టేబుల్ని. ఆ రాత్రి అతని పక్క మంచం మీద నేను ఇలాగే చెయ్యి చాపి పడుకున్నాను. ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. అతను నాకు థాంక్స్ చెప్పలేదు. నేనూ ఎదురుచూడలేదు.

నర్సు సూది గుచ్చింది. గొట్టంలోకి ఎర్రగా ఎక్కి కింద సంచీ వైపు పరుగెత్తింది.

"ఏటలా సూత్తావ్" అన్నాడు ఉదయ్‌కుమార్ పైకప్పు వైపు చూస్తూ. "నీదే కదా. ఇన్నాళ్ళూ నా కాడ ఉండిపోనాది."